తూర్పు కిటికీలో యాంటెన్నా

టవర్ మేస్త్రీ ఇంట్లో టీవీ రావడం లేదంటే వీధిలో ఎవరూ నమ్మలేదు. నమ్మే మాటేనా అది? పాతికేళ్లు టీవీ టవర్లెక్కి యాంటెన్నాలు బిగించిన మనిషి. ఏ వీధికి ఏ దిక్కు నుంచి సిగ్నల్ వస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. అలాంటివాడు మూడు వారాలుగా సొంత ఇంట్లో ఒక యాంటెన్నాని, పిల్లి పిల్లల్ని తిప్పినట్టు, గది గదికీ తిప్పుతున్నాడు.

ఆ ఇంట్లోంచి టవర్ కనబడేది ఒక్కచోటే, పడగ్గది తూర్పు కిటికీలో. తెర తీస్తే చాలు, ఇళ్ల కప్పుల మీదుగా ఎర్రగా తెల్లగా నిలబడి ఉంటుంది. ఆ తెర తీసి నాలుగు నెలలైంది. మేస్త్రీ పడక కూడా హాల్లోకి మారింది. నడుం నొప్పి, గట్టి చాప కావాలి అన్నాడు. భార్య సరే అంది.

నాలుగు నెలల కిందట ఆ టవర్ మీది నుంచే అతని బావమరిది పడి చనిపోయాడు. ఆమెకి ఒక్కగానొక్క తమ్ముడు. ఎక్కడంలో వాడి చురుకు చూసి పనివాళ్లంతా ఉడుత అనేవారు. పనిలో పెట్టింది మేస్త్రీయే. ఆ రోజు పైన కొత్త యాంటెన్నాకి ఆఖరి బోల్టు బిగిస్తున్నాడు ఉడుత, కింద వాకీటాకీ పట్టుకుని మేస్త్రీ. "బిగిసిందా?" అని అడిగాడు. "బిగిసింది బావా" అన్నాడు వాడు. అంతటితో ఊరుకుంటే పోయేది. "అయితే తొందరగా దిగు, కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి" అన్నాడు మేస్త్రీ. ఉడుత నవ్వాడు. తొందరగానే దిగబోయాడు. నడుముకున్న తాడు కొక్కేన్ని, పట్టు దొరక్కముందే విప్పేశాడు.

విచారణకి వచ్చినవాళ్లకి మేస్త్రీ కొక్కెం సంగతి చెప్పాడు. ఎలుకల సంగతి చెప్పలేదు. భార్యకి అసలే చెప్పలేదు. చెబితే ఆమె తనని విడిచి వెళ్లిపోతుందని భయం. వెళ్లకుండా ఉండి రోజూ తన ముఖం చూస్తుందని అంతకన్నా భయం. ఏడుపొస్తే బాగుండునని కొన్నాళ్లు చూశాడు. రాలేదు. పళ్ల డాక్టరు మత్తుసూది వేశాక దవడ ఎలా ఉంటుందో అతని లోపలంతా అలా ఉంది. ఉందని తెలుసు, తనదనిపించదు. టవర్ పని మానేసి ఒక గోదాములో పెట్టెలు సర్దడానికి కుదిరాడు. నేల మీద పని. పెట్టిందేదో తినేవాడు, ఉప్పు మరిచినా కిమ్మనేవాడు కాదు.

బండి అలా నడుస్తుండగా, ఒకరోజు ఆమె ఇంట్లో ఉన్న కేబుల్ కనెక్షన్ కాస్తా తీయించేసింది. టవర్ నుంచి గాల్లో వచ్చే ఛానెళ్లు చాలు, ఒక యాంటెన్నా తెమ్మంది. ఎందుకో చెప్పలేదు, అతనూ అడగలేదు. ఇద్దరూ కలిపి రోజుకి పది మాటలు ఖర్చుపెడితే ఎక్కువ.

కొనడానికి వెళ్తే కొట్టాయన అడగాల్సినవే అడిగాడు. టవర్ ఎంత దూరం, అటు చూసే కిటికీ ఉందా అని. ఉంది, వంటింట్లో, అని మేస్త్రీ తడుముకోకుండా అబద్ధమాడాడు. అంత దగ్గరైతే డాబా మీద చేపముల్లు లాంటి పెద్దది దండగ, పలకలాంటి ఈ చిన్నది కిటికీ అద్దానికి అంటించుకోండి, కడిగిన ముత్యంలా వస్తుంది బొమ్మ, అన్నాడు కొట్టాయన. అన్నీ తెలిసిన మేస్త్రీ ఏమీ తెలియనట్టు తలూపాడు.

తెచ్చినదాన్ని ఫ్రిజ్ వెనక పెట్టాడు. ఇనుము చాటున సిగ్నల్ చచ్చిపోతుందని తెలిసే పెట్టాడు. టీవీ చేత ఛానెళ్లు వెతికిస్తే ఒక్కటీ దొరకలేదు. హాల్లో పడమటి గోడకి అంటించాడు. బొమ్మ గళ్లుగళ్లుగా విరిగి, ఎవరి మూతో ఎవరి కన్నో కనబడి, మాయమైంది. బూస్టర్ తగిలించాడు. అది ఉన్న కాస్త సిగ్నల్‌తో పాటు గోలని కూడా పెంచింది. ప్రతిసారీ ఆమెని పిలిచి చూపించి, మన గోడలు మరీ మందం అనేవాడు. ఆమె ఊఁ అనేది. టవర్ మేస్త్రీ గారికే సిగ్నల్ మొహం చాటేస్తే ఇక మా గతేంటండీ అని పక్కింటి దర్జీ నవ్వాడు. నవ్వాల్సిన చోటని గుర్తుపట్టి మేస్త్రీ కూడా పళ్లు బయటపెట్టాడు.

ఆదివారం మధ్యాహ్నం రెండు కొమ్ముల యాంటెన్నా ఇంకొకటి కొనుక్కుని ఇంటికొచ్చాడు. పడగ్గదిలో వెలుతురుంది. తెర తీసి ఉంది. ఆమె స్టూలెక్కి, పలక యాంటెన్నాని కిటికీ అద్దం పైమూలకి అదిమిపట్టి ఉంది. దాని వైరు మంచం మీదుగా హాల్లో టీవీ దాకా పాకింది.

"టీవీలో వెతికించండి," అంది వెనక్కి తిరక్కుండానే.

కిటికీకేసి చూడకుండా వెళ్లి రిమోట్ నొక్కాడు. ఒకదాని వెనక ఒకటి ఛానెళ్లు వచ్చాయి. సిగ్నల్ తొంభై రెండు శాతం. వాతావరణం చెప్పే అమ్మాయి చెవికమ్మలతో సహా కనబడుతోంది.

"వచ్చిందా?"

"వచ్చింది."

"ఇక్కడ వస్తుందని మీకు ముందే తెలుసు."

మేస్త్రీ రిమోట్ పక్కన పెట్టాడు.

"మీరే పెడతారేమోనని మూడు వారాలు చూశాను," అంది ఆమె. "వాడు ఆఖర్న బిగించింది పనిచేస్తోందో లేదో చూడాలనిపించిందండీ. కేబుల్లో వచ్చేది ఎక్కణ్ణించి వస్తుందో మనకేం తెలుసు? ఇదైతే వాడి చేతి మీదుగా వస్తుంది."

టేపు చింపి యాంటెన్నా నాలుగు మూలలూ అంటించింది. పాతికేళ్ల అలవాటు అతని నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"బిగిసిందా?"

"బిగిసింది," అంది ఆమె. "దిగనా?"

ఆ మాటతో అతను పడగ్గదిలోకి వచ్చాడు. కిటికీ నిండా టవర్. పైనుంచి కిందదాకా చూశాడు. స్టూలుకి ఒక కాలు పొట్టి. వంగి రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

"నెమ్మదిగా దిగు. తొందరేం లేదు," అన్నాడు. "ఆ రోజు వాణ్ణి తొందరగా దిగమన్నాను నేను. ఆకలేస్తోందని. నా ఆకలి కోసం కొక్కెం విప్పేశాడు వాడు."

ఆమె స్టూలు మీదే నిలబడిపోయింది. హాల్లో ఆ అమ్మాయి రేపటి ఎండ గురించి చెబుతూనే ఉంది. మేస్త్రీ తలెత్తలేదు. దిగి ఎటు నడుస్తుందో, గుమ్మం వైపో తన వైపో, అతనికి తెలియదు. చేతులు వణకడం మొదలుపెట్టాయి. నాలుగు నెలల తర్వాత, ఆ వణుకు మాత్రం తనదేనని తెలిసింది.

చాలాసేపటికి ఆమె చెయ్యి అతని భుజం మీద పడింది. బరువంతా దాని మీదే ఆనించింది.

"గట్టిగా పట్టుకోండి," అంది. "దిగుతున్నాను."