మిరప బస్తాల వెనక గోడ

కోడలు సోని దగ్గు మీద మోతీకి మొదటి నుంచీ నమ్మకం లేదు.

ఎలా ఉంటుంది చెప్పండి? పొద్దున గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు ఒకటే దగ్గు, గొంతులో పిల్లికూతలు. పినపాక బళ్లో పాఠాలు చెప్పేటప్పుడు మాత్రం గొంతు ఖంగున మోగుతుందట. ఎర్రుపాలెంలో తల్లిగారింటికి పోతే రెండో రోజుకే మనిషి తేటపడుతుంది. తిరిగొచ్చి బ్యాగు కింద పెట్టిందో లేదో మళ్లీ మొదలు. అత్తగారిల్లు చూసి వచ్చే రోగం లోకంలో ఎక్కడైనా ఉందా? ఇది వేరు కాపురానికి వేసిన ఎత్తు అని మోతీ తేల్చేసింది. తేల్చి ఊరుకుందా? బోరింగు దగ్గర నలుగురికి చెప్పింది. సాయంత్రానికి తండా అంతా తెలిసిపోయింది.

చివరికి కొడుకు బలరాం మణుగూరులో కిరాయి గది చూశాడు.

"ఈ వారం సోని తల్లిగారింటికాడ ఉంటం యాడీ. ఆదివారం ఇద్దరం వచ్చి సామాను తీస్కపోతం," అన్నాడు తల వంచుకుని. లంబాడీ పిల్లలు తల్లిని పిలిచే ఆ పిలుపు మోతీకి ప్రాణం. మొగుడు పోయాక ఆ ఒక్క కొడుకునే చూసుకుని బతికిన మనిషి. ఆదివారంలోగా కోడలి దొంగ దగ్గు బయటపెట్టకపోతే కొడుకు దక్కడు.

"మీరొచ్చేదాక మీ గదిల నేను పండుకుంట. నాకు రాని దగ్గు ఆమెకెట్ల వస్తదో చూస్త," అంది.

బలరాం సోనిని తీసుకుని బస్సెక్కిపోయాడు.

వాళ్లు మలుపు తిరిగారో లేదో, మోతీ గది గడియ వేసి సోదా మొదలుపెట్టింది. పరుపు ఎత్తింది, ట్రంకుపెట్టె తీసింది. చీరల మడతల కింద నీలం డబ్బా దొరికింది, ఊపిరాడనప్పుడు నోట్లో పెట్టుకుని పీల్చే మందు. "అమ్మో, దవాఖానాకు గూడ పోయిందా నాకు తెల్వకుంట!" అని పళ్లు కొరికింది. తల్లిగారింటికి తీసుకుపోలేదంటే అక్కడ దీని అవసరం లేదనే కదా? నాటకానికి ఇంతకంటే రుజువేం కావాలి!

ఆ గదిలో ఒక పక్క గోడ నిండా మిరప బస్తాలు. వేసవిలో కోల్డ్ స్టోరేజీలో చోటు దొరక్క, ఇరవై రెండు బస్తాలు మోతీయే అక్కడ గోడకు ఆనించి పేర్పించింది. బస్తాకెత్తే ముందు కాయ విరగకుండా నీళ్లు చిలకరించడం ఆ వైపు అందరూ చేసేదే, కానీ మోతీ చెయ్యి ధారాళం. కాయ రంగు పోతుందని కిటికీకి నల్ల పట్టా కూడా కొట్టించింది. మిరప ఘాటుకు సోని దగ్గుతోందేమో అని ఎవరైనా అంటే ఆమెకు ఒళ్లు మండేది. పుట్టినప్పటి నుంచి మిరప కల్లాల్లో తిరిగిన మనిషి, ఏనాడైనా దగ్గిందా?

రెండో రోజు ముక్కు దిబ్బడేసింది. మూడో రోజు ఛాతీ పట్టేసింది. ఘాటుకు తుమ్ములొస్తాయి, కళ్లు కారతాయి. ఆ సంగతి మోతీకి తెలుసు. ఇది అది కాదు. పత్తిచేనులో కలుపు తీస్తుంటే ఊపిరి హాయిగా ఆడుతోంది, గదిలోకి వస్తే బిగుస్తోంది. ఇంకొకరైతే అప్పటికే తగ్గేవారు. మోతీ అనుమానం ఇంకో మెట్టెక్కింది. కోడలు పోతూ పోతూ బస్తాల వెనక ఏదో పెట్టిపోయింది!

శనివారం పొద్దున్నే మేస్త్రీ కోటేష్‌ను పిలిపించింది. "బస్తాలు జరుపు. ఏదో పెట్టింది, తీసి నా చేతిల పెట్టు," అంది.

నాలుగు బస్తాలు జరిపి కోటేష్ తువ్వాలు ముక్కుకు చుట్టుకున్నాడు. గోడ నల్లగా, మధ్యలో పచ్చగా, మనిషెత్తున నూగు పట్టి ఉంది. బస్తాల వీపులు చివికిపోయాయి. ఒక కాయ విరిస్తే లోపల బూడిదరంగు బూజు.

"ఎవలు పెట్టిన్రక్కా దీన్ని? అవతల నీళ్లగది పైపు కారుతున్నది. ఇవతల తడి బస్తాలు. కిటికీ నువ్వే మూసినవ్. ఇగ చెమ్మ యాడికి పోవాలె?"

"సున్నం కొట్టు. రేపటికల్ల కనపడొద్దు," అంది మోతీ.

"పైన సున్నం కొడితే లోపల బతికే ఉంటదక్కా. ముందు పైపు బాగుచెయ్యాలె. బూజు పట్టిన కాయ పారెయ్యాలె, అది తినొద్దు, అమ్మొద్దు. గోడను పొడిగ దులిపేవు, దుమ్మంత ఊపిరిలకు పోతది. తడిపి సబ్బునీళ్లతోని కడిగి గాలాడనియ్యాలె. ఎండేదాక దగ్గున్నోళ్లు గీ గదిల పండొద్దు."

"ఎన్ని దినాలు?"

"వానకాలమాయె. రెండు నెలలనుకో."

మోతీ లెక్క వేసుకుంది. కోటేష్ నోరు మూయించి, బస్తాలు మళ్లీ గోడకు పేర్పిస్తే? కొడుకును గదిలో నిలబెట్టి, ఏముందిరా ఇక్కడ అని అడిగితే? అడగొచ్చు. కానీ అప్పుడు సోని మళ్లీ ఈ గదిలోనే పడుకుంటుంది. ఆ ఆలోచనకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఫోను తీసింది.

"బలరాం, రేపు సోనిని ఇక్కడికి తీస్కరాకు."

"అంత కోపమా యాడీ?"

"కోపం కాదు కొడుకా..." మిగతా మాట దగ్గులో కొట్టుకుపోయింది. ఆ దగ్గు ఆగేసరికి ఫోనులో గొంతు మారింది.

"అత్తా! ఆ గదిలకెల్లి బయటికి రా ముందు," అంటోంది సోని.

"నువ్వు నాటకమాడుతున్నవని ఊరంత చెప్పిన బిడ్డా. తప్పు చేసిన. గోడంత బూజే, నా చేతులతోనే పెంచిన. మణుగూరు గది వదులుకోకున్రి."

"మరి నువ్వొక్కదానివి ఎట్లుంటవ్ అత్తా?"

పెళ్లయిన ఈ రెండేళ్లలో మోతీ కోడల్ని ఇలాంటి మాట ఒక్కటీ అడగలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కాసేపటికి "ఉంట తియ్," అని పెట్టేసింది.

ఆదివారం వాళ్ల సామాను తన చేతులతోనే ఆటోకెక్కించింది.