కుర్చీలక్క పట్టు

గైడు మాట్లాడుతున్నది కుర్చీలక్క గురించే. చూస్తున్నది మాత్రం ఆమె చెల్లెలి వంక.

"మీ అక్కగారికి ఇదివరకు కొండలెక్కిన అలవాటుందా?" అన్నాడు. చెల్లెలు జవాబివ్వడానికి నోరు తెరిచేలోపు కుర్చీలక్క బల్లమీద పరిచిన మ్యాపును అరచేత్తో చరిచింది.

"ఇటు తిరిగి అడగండి గైడుగారూ. కొండెక్కేది నేను. అది కాదు."

ట్రెక్కింగు ఆఫీసులో ఉన్నవాళ్ళంతా ఉలిక్కిపడి తలలు తిప్పారు. ఆమె గొంతు అంతే. తన గొంతు తనకు వినపడదు కాబట్టి, ఎంత గట్టిగా మాట్లాడుతోందో ఆమెకు తెలియదు. తెలిసినా తగ్గించే రకమూ కాదు.

ఆమె పని సోఫాలకూ కుర్చీలకూ కొత్త గుడ్డ తొడగడం. చిరిగిన రెగ్జిను పీకి, కుంగిన స్ప్రింగులు మార్చి, స్పాంజి పరిచి, ముసలి సోఫాను పెళ్ళికూతురిలా ముస్తాబు చేసి పంపుతుంది. పెళ్ళీడులో ఉండగా విషజ్వరం వచ్చి, పోతూ పోతూ రెండు చెవులూ పట్టుకుపోయింది. కొన్నాళ్ళు ఏడ్చింది. తర్వాత ఏడుపు విసుగొచ్చి, ఎదుటివాళ్ళ పెదాల కదలిక చూసి మాటలు పట్టుకోవడం నేర్చుకుంది. అప్పటినుంచి ఆమెకూ బయటి లోకానికీ మధ్య చెల్లెలే వంతెన. ఫోనొస్తే చెల్లెలు, ఆసుపత్రికెళ్తే చెల్లెలు, ఆఫీసుల్లో పనిపడితే చెల్లెలు. అక్క చెప్పాల్సినదీ చెల్లెలే చెప్పేసేది. చాలాసార్లు అక్కను అడక్కుండానే.

కొండ పిచ్చి పట్టింది ఈ ఆఫీసులోనే. ఇక్కడి పొడుగాటి బెంచీకి గుడ్డ మార్చడానికి వచ్చినప్పుడు, గోడమీద మంచు శిఖరం బొమ్మ చూసి, పైన ఎలా ఉంటుందని అడిగింది. బుకింగులు చూసే ఆయన అదేం పెద్ద సంగతి కానట్టు, అక్కడి గాలి హోరులో పక్కనున్న మనిషి అరిచినా వినపడదని చెప్పాడు. ఆ మాట ఆమెను వదలలేదు. మేకు కొడుతున్నా అదే, అన్నం తింటున్నా అదే. ఎవరికీ ఏమీ వినపడని చోటొకటి ఉందంటే, అక్కడ తాను ఎవరికంటే తక్కువ? చూసి తీరాలనుకుంది. గుండె చూపించుకుంది, మోకాళ్ళు చూపించుకుంది, బరువు సంచీ వీపున వేసుకుని పాత నీళ్ళ ట్యాంకు మెట్లు ఎక్కీ దిగీ కాళ్ళు గట్టిచేసుకుంది.

ఇప్పుడు గైడు ఆమె వైపు తిరిగాడు. వేలితో మ్యాపుమీద దారి చూపిస్తూ వివరించాడు. మొదట లోయ వెంబడి నడక. పల్చటి గాలికి ఒళ్ళు అలవాటు పడాలి కనుక మధ్యలో ఒక రోజు ఆగడం. ఆ తర్వాత కింది క్యాంపు, దానిపైన ఆఖరి క్యాంపు. అక్కడిదాకా అతని వేలు హాయిగా జారింది. ఆఖరి క్యాంపు దాటగానే ఆగిపోయింది.

"ఇది గండి. రెండు బండల మధ్య ఇరుకు దారి. పైనంతా వదులు రాళ్ళు. తెల్లారకముందు మంచుకి బిగుసుకుని ఉంటాయి, ఎండ తగిలితే దొర్లుతాయి. అందుకని చీకట్లోనే దాటాలి. చీకట్లో మీకు నా పెదాలు కనిపించవు. ఎంత జాగ్రత్తపడ్డా ఒక్కోసారి రాయి జారుతుంది. జారితే అరుస్తాం. ఆ అరుపు వినపడని మనిషిని అందులోకి తీసుకెళ్ళలేనండీ."

చెప్పింది ఆమెకు నచ్చలేదు. కానీ ఆమె మొహంలోకి చూస్తూ, ఒక్కో మాటా విడదీసి చెప్పిన తీరు నచ్చింది.

"గండి దాకా ఇబ్బంది లేదుగా?"

"లేదు."

"దాటాక?"

"దాటాక అంతా గాలే. అక్కడ ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అందరం చేతి సైగలే."

"అంటే మొత్తం దారిలో నాకు చెవులు కావాల్సింది ఆ ఒక్క గండిలోనే. దాని సంగతేదో ఆలోచిద్దాం. దాని కోసం కొండంతా ఎందుకు మానుకోవాలి?"

గైడు మళ్ళీ మ్యాపు మీదికి వంగాడు. అదే జట్టులో రావాల్సిన పళ్ళ డాక్టరు పక్కకు తిరిగి, ఒకరి ముచ్చట కోసం అందరి ప్రాణాలమీదికి తేవడం ఏం బాగుంటుందని గొణిగాడు.

"డాక్టరుగారూ, పక్కకి తిరిగి అన్నా తెలుస్తుంది. నాకు సగం మూతి చాలు," అంది కుర్చీలక్క.

డాక్టరు మొహం కందగడ్డయింది. గైడు మాత్రం నవ్వు ఆపుకుని, తను ఎటూ చెప్పలేనని, ఆలోచించుకుని ఆమె పనిచేసే షెడ్డుకే వస్తానని చెప్పి మ్యాపు మడిచాడు. ఇంటికొచ్చే దారి పొడుగునా చెల్లెలు అక్కకు మొహం చూపించకుండా ముందు నడిచింది. అక్క ఓడిపోయిందని లోపల్లోపల ఊపిరి పీల్చుకుంటోందేమోనని కుర్చీలక్కకు అనుమానమొచ్చింది.

మర్నాడు పాత కుర్చీ మేకులు పీకుతుండగా వేలు చీరుకుపోయింది. కట్టు కోసం చెల్లెలు పనిచేసే మందుల షాపుకి వెళ్ళింది. అద్దాల తలుపు తొయ్యబోతూ ఆగిపోయింది. లోపల కౌంటరు దగ్గర చెల్లెలు ఫోనులో మాట్లాడుతోంది. అద్దం అడ్డమున్నా ఆ పెదాలు అక్కకు కంఠతా వచ్చిన పెదాలు.

'మీరే రానివ్వనని గట్టిగా చెప్పెయ్యండి. నేను చెప్పమన్నానని మాత్రం అనకండి.'

కుర్చీలక్క తలుపు తోసుకుని లోపలికి నడిచింది. చెల్లెలు గబుక్కున ఫోను పెట్టేసింది. మందులు కొనడానికొచ్చిన వాళ్ళు ఇద్దరు ముగ్గురు వెనక్కి జరిగారు.

"గుండె చూపించుకోమన్నావు, చూపించుకున్నాను. మోకాళ్ళన్నావు, చూపించుకున్నాను. ఏమడిగినా పడ్డాను. నా వెనకాల నా మాట నువ్వు మాట్లాడితే మాత్రం పడను."

"నీకేమన్నా అయితే నేనేమైపోవాలక్కా?" చెల్లెలి కళ్ళు నిండిపోయాయి. "ఇన్నేళ్ళూ నీ చెవులు నేనేగా. అంత ఎత్తుకి నేను రాలేను."

"నిన్ను రమ్మనలేదు."

ఆ మాట చెంపదెబ్బలా తగిలిందని చెల్లెలి మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. అయినా కుర్చీలక్క వెనక్కి తీసుకోలేదు. వేలికి కట్టు కూడా కట్టించుకోకుండా, కొంగు చుట్టుకుని బయటికొచ్చేసింది.

చెప్పినట్టే గైడు షెడ్డుకి వచ్చాడు, భుజాన తాడు చుట్టతో. కూర్చోకముందే, చెల్లెలు ఫోను చేసిన సంగతి చెప్పేశాడు. దాచి ఆమెతో పని చెయ్యడం తనకు చేతకాదన్నాడు. తీసుకెళ్ళాలా వద్దా అన్నది చెల్లెలి మాట మీద తేల్చననీ, అలాగని ఆమె మొండితనం మీదా తేల్చననీ, కళ్ళారా చూసే తేలుస్తాననీ అన్నాడు. గండిలో ఒక్కచోట మాత్రం తాడు కడతాడట. ఒకసారి లాగితే ఆగాలి. రెండుసార్లు లాగితే నడవాలి. ఆపకుండా కుదిపితే, అది రాయి. వెంటనే గోడకు కరుచుకుని తల కాచుకోవాలి.

"ఇందులో ఇంకో చిక్కుంది. తాడు కట్టాక మీరు జారితే నేనూ జారతాను."

"జారితే నన్ను వదిలెయ్యండి."

"అలాంటి మాట ఇంకోసారి అంటే ఇప్పుడే తాడు చుట్టుకుని వెళ్ళిపోతా."

ఆమె నోరు మూసుకుంది. అలా నోరు మూయించినవాళ్ళు ఆమె జీవితంలో తక్కువ.

పట్టపగలే షట్టరు దించి, లైట్లు తీసేశారు. షెడ్డు కాటుక పూసినట్టయింది. గైడు ఒక పక్కన పేర్చిన సోఫా చట్రాల మీదికెక్కి, ఒక చేత్తో తాడు, ఇంకో చేత్తో స్పాంజి ముక్కలు పట్టుకున్నాడు. కుర్చీలక్క నడుముకి తాడు కట్టుకుని గోడ వెంబడి నడవాలి. అతను తాడు కుదిపి ముక్క విసురుతాడు.

మొదటిది మెడమీద పడింది. రెండోది నెత్తిన. ఆ తర్వాతివి ఎక్కడపడితే అక్కడ. ప్రతిసారీ ఆమె కదిలేసరికే ముక్క తగిలి కిందపడుతోంది. స్పాంజి కాబట్టి సరిపోయింది, రాయైతే ఈపాటికి నాలుగుసార్లు చచ్చేదాన్నని తనలో తనే తిట్టుకుంది. ఎక్కడ తప్పు జరుగుతోందో కాసేపటికి తెలిసింది. ఇన్నేళ్ళుగా ఏదైనా తెలియాలంటే కళ్ళతో వెతకడం ఆమెకు అలవాటు. చీకట్లోనూ కళ్ళు చించుకుని అతన్నే వెతుకుతోంది. ధ్యాసంతా అటే పోతోంది, నడుము దగ్గరికి రావడం లేదు.

కళ్ళు గట్టిగా మూసుకుంది. ఈసారి తాడు కుదిపిన మరుక్షణం గోడకు బల్లిలా అతుక్కుపోయింది. స్పాంజి ముక్క ఎక్కడో వెనక పడింది.

గైడు అంతటితో ఒప్పుకోలేదు. చేతులకు గ్లవ్స్ తొడిగించి మళ్ళీ చేయించాడు. ట్యాంకు మెట్లమీద పరుగెత్తించి, రొప్పుతుండగా చేయించాడు. ఆ తర్వాత ఊరి చివర మూతపడిన క్వారీకి రోజూ తెల్లవారుజామునే రమ్మని, అక్కడి బండలమీద చేయించాడు. ఆమె ఒక్కరోజు కూడా ఎగ్గొట్టలేదు. ఒకరోజు దిగుతున్నప్పుడు అతను ఆగి, వెలుగులో ఆమె వైపు తిరిగి, ఒక్క మాట అన్నాడు.

"మీరు వస్తున్నారు."

జట్టంతా మళ్ళీ కూర్చున్నప్పుడు గైడు కొత్త ఏర్పాటు చెప్పాడు. కుర్చీలక్క తన వెనకే ఉంటుంది. గండిలో మిగతావాళ్ళు దూరం దూరంగా వస్తారు. గండి దాటాక అవసరమయ్యే సైగలు అందరూ నేర్చుకోవాలి. ఇది ఇష్టం లేనివాళ్ళు వేరే జట్టులో వెళ్ళొచ్చు. పళ్ళ డాక్టరు మర్యాదగానే లేచి, వేరే జట్టులోకి మారిపోయాడు. ఆమెకు కోపం రాలేదు. కనీసం ఎదురుగా చెప్పి వెళ్ళాడు.

బయల్దేరిన పొద్దున చెల్లెలు రాలేదు. బస్సు మలుపు తిరిగేదాకా కుర్చీలక్క కిటికీలోంచి వీధి వంకే చూసింది. తర్వాత ముందుకు తిరిగి కూర్చుంది.

దారి గైడు గీసి చూపించినట్టే ఉంది, ఆయాసం ఒక్కటే అతను చెప్పినదానికంటే ఎక్కువ. గండిలోకి అడుగుపెట్టినప్పుడు తెల్లారలేదు. తలకు కట్టిన దీపం వెలుగులో గైడు మడమలు తప్ప ఏమీ కనపడటం లేదు. సగం దూరం పోయాక తాడు పిచ్చెత్తినట్టు కుదిపేసింది. ఆలోచించే పనే పడలేదు. బండకు ఒళ్ళంతా అదిమేసింది. ఏదో బరువైనది వీపు పక్కనుంచి గాలిని చీల్చుకుంటూ పోయింది. కింద ఎక్కడో అది తగిలిన దెబ్బ బండలోంచి పాకి అరచేతులకు తెలిసింది. కాసేపటికి తాడు రెండుసార్లు లాగింది. ఆమె నడిచింది.

గండి దాటి గట్టుమీదికి చేరేసరికి వెలుగొచ్చింది. దాంతోపాటే గాలీ వచ్చింది. నిలబడ్డ మనిషిని నెట్టేసే గాలి. నెత్తిమీద శిఖరం, చెయ్యి చాపితే అందేలా. గైడు ఆకాశం వంక చూసి, వెనక్కి తిరిగి, రెండు చేతులూ అడ్డంగా పెట్టాడు. ఈ గాలిలో పైకి కుదరదు, ఎండ గండికి చేరకముందే దిగిపోవాలి.

కుర్చీలక్క కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది. అతను మళ్ళీ చేతులు అడ్డం పెట్టాడు. ఆమె మంచులో చతికిలబడింది. మిగతావాళ్ళు అప్పుడే దిగడం మొదలుపెట్టారు. ఆమె కదల్లేదు. చివరికి గైడు ఆమె ఎదుట మోకాళ్ళమీద కూర్చుని, ఆ చలిలోనే మూతికి చుట్టిన గుడ్డ కిందికి లాగాడు.

"శిఖరం ఎక్కడికీ పోదు. వేళ్ళు పోతాయి."

అతని పెదాలు అప్పటికే నీలంగా ఉన్నాయి. ఆమె లేచింది. గట్టు దిగేదాకా గాలిని నోటికొచ్చిన బూతులన్నీ తిట్టింది. ఎవరికీ వినపడలేదు.

ఊరికి వచ్చేసరికి వార్త ముందే వచ్చి కూర్చుంది. వీధిలో ఇస్త్రీ ఆయన జాలిగా, పాపం వినపడదని సగంలోంచి పంపించేశారటగా అన్నాడు.

"పంపించింది గాలి. వినపడేవాళ్ళనీ వినపడనివాళ్ళనీ కలిపే పంపించింది," అని చెప్పి, షట్టరు ఎత్తింది.

సాయంత్రం చెల్లెలు షెడ్డుకి వచ్చింది. అక్క పొట్టు లేచిన ముక్కు చూసింది, వేళ్ళన్నీ ఉన్నాయో లేదో ఒక్కోటీ పట్టుకుని చూసింది. షాపులో అందరూ అక్క ప్రయాణం ఎలా జరిగిందని తననే అడుగుతున్నారని, వెళ్ళి ఆవిణ్ణే అడగండని చెప్పానని అంది. కుర్చీలక్క తల ఊపింది. ఆ మాట చెప్పడానికి చెల్లెలు ఎంత కష్టపడి ఉంటుందో ఆమెకు తెలుసు.

"మళ్ళీ వెళ్తావా?"

"మంచు తగ్గగానే."

"నాకు ఇప్పటికీ ఇష్టం లేదక్కా."

"ఇష్టపడమనలేదు. అడ్డుపడొద్దన్నాను."

చెల్లెలు చాలాసేపు పక్కనున్న సగం విప్పిన సోఫా అంచున కూర్చుని, గండిలో రాయి దొర్లిన సంగతి మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది. మర్నాడు తెల్లవారుజామున కుర్చీలక్క సంచీ వీపున వేసుకుని, ఒంటరిగా క్వారీ దారి పట్టింది.