పిన్ని పొయ్యి, బాబాయి పొయ్యి

ఆగండాగండి, అప్పుడే చెప్పులేసుకోకండి, ఇది విని వెళ్లండి. పేదలకు సర్కారిచ్చే నగదు సాయం ఆఫీసులో కంప్యూటర్ పని చేసే అమ్మాయి ఒకతి ఉంది. దేన్ని చూపించినా దానికో గడి గీసి పక్కన అవును, కాదు అని రాసేస్తుంది. అందుకే ఆఫీసంతా ఆమెను గడులమ్మాయి అంటారు. ఆమెకూ ఆ పేరంటే ఇష్టమే.

ఆ మధ్య ఆఫీసుకు పెద్ద చిక్కొచ్చి పడింది. సాయం కుటుంబానికి ఒకటి చొప్పున వెళ్లాలి. సరే, కుటుంబమంటే ఏమిటి? లా చదివినాయన పెళ్లి కాగితం చూడమన్నాడు. లెక్కలాయన ఒక తలుపు, ఒక కుటుంబం అన్నాడు.

"మా ఇంటికీ ఒకటే తలుపు. లోపల నాలుగు పార్టీలు" అన్నారు పెద్దసారు.

మూడు వారాలు, పదకొండు మీటింగులు. చివరికి గడులమ్మాయి చేయెత్తింది.

"ఎవరి వంట వాళ్లు వండుకుంటే ఎవరి కుటుంబం వాళ్లది సార్. వేరు కుంపటి పెట్టారని ఊరికే అంటామా? పొయ్యిలు లెక్కపెడదాం."

ఇంత తేలికైన మాట తమకెందుకు తట్టలేదన్న ఉక్రోషంతోనే అందరూ చప్పట్లు కొట్టారు. రూల్ ప్రోగ్రామ్‌లోకి ఎక్కింది. ఎవరూ దొంగ పొయ్యి పెట్టకుండా ఆమె దానికో మెలిక కూడా తగిలించింది. ఒకే డోర్ నంబర్ మీద రెండు పొయ్యిలు కనిపిస్తే, సాయం విడుదల చేసే ముందు చెప్పాపెట్టకుండా వెళ్లి ఇంకోసారి చూడాలి. ఆ మెలిక తలుచుకుని రెండు రోజులు భుజాలు చరుచుకుంది.

తొలి పరీక్షకు కంప్యూటర్ చీటీ తీస్తే ఆమె వీధే వచ్చింది. అందులోనూ ఆమె ఇంటి కింది అంతస్తు, అంటే సాక్షాత్తు పిన్ని వాళ్లిల్లు. చుట్టాల ఇంటికి వెళ్లకూడదనే గడి పెట్టడం ఆమె మరిచిపోయింది.

పిన్ని టైలరు. కుట్టుమిషను మోటారు కాలిపోయి ఇంట్లో కూర్చుంది. స్కూలు యూనిఫారాలు నూట ఇరవై జతల ఆర్డరు చేతిలో ఉంది కానీ, వచ్చే శుక్రవారంలోగా మోటారు రాకపోతే అది పక్క వీధి టైలరుకు వెళ్లిపోతుంది. మోటారు రావాలంటే సాయం రావాలి. బాబాయికి పెన్షన్ ఉంది. ఇద్దరినీ ఒకే కుటుంబం కింద లెక్కేస్తే ఆ పెన్షన్‌తో ఆదాయం సాయానికి పెట్టిన హద్దు దాటుతుంది, పిన్నికి పైసా రాదు.

అయితే గడులమ్మాయి ట్యాబ్ పట్టుకుని వెళ్లిన రోజున ఆ ఇంట్లో ఉప్పూ నిప్పూలా ఉంది వ్యవహారం. పిన్ని బట్టలు కత్తిరించే కత్తెరతో బాబాయి కాలిగోళ్లు తీసుకున్నాడు.

"ముప్ఫై ఏళ్లుగా కాగితం కూడా తగలనివ్వలేదే ఆ కత్తెరకి" అంది పిన్ని. "ఇక ఆయన వంట ఆయనది, నా వంట నాది. రాసుకో."

"నా గోళ్లు మెత్తగానే ఉంటాయమ్మా" అన్నాడు బాబాయి బాల్కనీలోంచి. అక్కడ కరెంటు పొయ్యి మీద ఏదో నల్లబడుతోంది.

"ఏం వండుతున్నావు బాబాయ్?"

"ఇంకా తెలీదు. అయ్యాక చెబుతా."

పొయ్యిలు రెండు అని నొక్కింది. పిన్ని పేరు మీద పచ్చరంగు వెలిగింది: విడి కుటుంబం, ఆదాయం లేదు, అర్హురాలు. పిన్ని వెంటనే మోటార్ల కొట్టుకు ఫోన్ చేసి ఒకటి పక్కన పెట్టమంది.

ఆలుమగల కొట్లాట అద్దం మీద పెసరగింజ నిలిచినంతసేపే అంటారు. ఆ సామెతకు ప్రోగ్రామ్‌లో గడి లేదు. నాలుగు రోజులకే బాబాయి బుగ్గలు పీక్కుపోయాయి. ఆరో రోజున మళ్లీ కాస్త నిండాయి, చొక్కాకు ఊడిన గుండీ కూడా తిరిగొచ్చింది.

"గుండీ ఎవరు కుట్టారు బాబాయ్?" అని మెట్ల మీద అడిగింది గడులమ్మాయి.

"ఏమో, పొద్దున్న లేచేసరికి ఉంది" అని గబగబా దిగిపోయాడు.

గురువారం రెండో తనిఖీ. బెల్ కొట్టగానే లోపల కుర్చీ పడింది, గ్లాసు దొర్లింది, ఎవరో పరుగెత్తారు. కాసేపటికి పిన్ని తలుపు తీసి, వెళ్లి గోడకేసి తిరిగి కూర్చుంది. బాల్కనీలో బాబాయి గిన్నె కలుపుతున్నాడు. గిన్నెలో ఏమీ లేదు. పొయ్యి వైరు నేలమీద చుట్ట చుట్టుకుని పడుంది. బాబాయి మీసానికి మెతుకుంది.

"మేం మాట్లాడుకోవట్లేదు. కావాలంటే మీ పిన్నిని అడుగు" అన్నాడు.

"అవునే" అంది పిన్ని గోడతో. "పొద్దున కూడా ఇద్దరం కూర్చుని అదే అనుకున్నాం."

గడులమ్మాయికి కక్కలేక మింగలేక అయింది. పెద్దసారుకు ఫోన్ చేసింది.

"సార్, మూడో గడి పెట్టొచ్చా? రాజీ పడ్డారు, మోటారు ఇంకా రాలేదు అని."

"ఎవరింటి కోసం?"

"ఒక ఇంటి కోసం సార్."

"ఒక ఇంటికి పెడితే మా ఇంటికి నాలుగు పెట్టాలి. ఉన్నదాంట్లో ఏదో ఒకటి నొక్కమ్మా" అని పెట్టేశారు.

పిన్ని ఇటు తిరిగింది. "పోనీ నిజంగానే కొట్లాడతాం. ఎంతసేపు కొట్లాడితే చాలు? పావుగంట సరిపోతుందా?"

"నా వల్ల కాదు, కడుపు నిండా ఉంది" అన్నాడు బాబాయి. తర్వాత మోటారు గుర్తొచ్చి కాబోలు, పిన్ని వైపు గరిటె ఎత్తాడు. "సరే, మీ అక్కనేమైనా అననా?"

"ఆవిడ మా అమ్మ బాబాయ్."

"అందుకేగా అడిగి అంటున్నా."

పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగుతున్నాయి, నవ్వో ఏడుపో తెలీడం లేదు. మూల గుడ్డ కప్పిన మిషను. ట్యాబ్ ఒకటే ప్రశ్న అడుగుతోంది: ఈ రోజు ఈ ఇంట్లో వెలిగిన పొయ్యిలెన్ని? కింద రెండు గడులు. రెండు నొక్కితే తన రూల్‌కు తొలి దొంగ తనే. ఒకటి నొక్కితే నూట ఇరవై జతలూ పక్క వీధికి పోతాయి, అదీ మొగుడికి ఒక పూట అన్నం పెట్టిన పాపానికి. గడులమ్మాయి వేలు గాల్లో ఆగిపోయింది, ఇద్దరూ ఆ వేలినే చూస్తున్నారు.

ఆ వేలు మీదైతే ఏది నొక్కుతారు?