తలుపు తీసేదాకా

సైకిళ్ళ షాపు మీదున్న రెండు గదుల్లో వదినా మరదళ్ళిద్దరూ వెబ్‌సైట్ల స్టూడియో నడుపుతున్నారు. బొమ్మలు, రంగులు, అక్షరాల అమరిక మరదలి పని. వెనకుండే కోడూ సర్వర్ల గొడవా వదినవి. పళ్ళ డాక్టరు, డ్రైవింగ్ స్కూలు, ఈత క్లబ్బు, పెయింట్ల దుకాణం, ఇలాంటివాళ్ళే కస్టమర్లు. అందరి సైట్లూ ఒకే క్లౌడ్ హోస్టింగ్ కంపెనీలో, ఒకే అకౌంటు కింద ఉండేవి. క్లౌడంటే ఏమిటని డ్రైవింగ్ స్కూలు మాష్టారు ఒకసారి అడిగితే, "మబ్బూ లేదు గిబ్బూ లేదు మాష్టారూ. ఎక్కడో ఎవరిదో పెద్ద షెడ్డు. అందులో వాళ్ళ కంప్యూటర్ల మీద మనం అద్దెకుంటాం" అంది వదిన.

ఒక బుధవారం పొద్దున మరదలు వచ్చి చూసేసరికి ఒక్క సైటూ తెరుచుకోవడం లేదు. ఏది నొక్కినా అకౌంటు ఆపేశామన్న ఒకే ఒక్క వాక్యం. కారణం మెయిల్లో ఉంది.

బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే ఆడవాళ్ళ సంఘానికి వీళ్ళు ఒక చిన్న సైటు చేసిపెట్టారు. అందులో ఒక పేజీలో ఫ్యాక్టరీ పై అంతస్తులోని తలుపు ఫోటో ఉంది. నిప్పంటుకుంటే జనం బయటపడాల్సిన తలుపది. దానికి అడ్డంగా గొలుసు, గొలుసుకి తాళం. ఆ ఫోటో తమదనీ, అడక్కుండా వాడుకున్నారనీ ఫ్యాక్టరీ లాయరు హోస్టింగ్ కంపెనీకి ఫిర్యాదు చేశాడు. పేజీ తీసేస్తే అన్ని సైట్లూ వెంటనే తెరుస్తామని కంపెనీ రాసింది.

నిజానికి ఆ ఫోటో తీసింది కాజాల పిన్ని. చొక్కాలకి కాజాలు కుట్టే సెక్షన్లో పనిచేస్తుంది కాబట్టి చిన్నా పెద్దా అందరూ ఆమెనలాగే పిలుస్తారు. భోజనాల వేళ తన సొంత ఫోన్‌తో తీసింది. వదిన ఆ సంగతంతా వివరంగా రాసి పంపితే, పొద్దున వచ్చిన జవాబే అక్షరం పొల్లుపోకుండా మళ్ళీ వచ్చింది. మనిషెవరూ చదివినట్టు లేదు.

ఈలోగా ఫోన్లు మొదలయ్యాయి. అన్నీ మరదలే ఎత్తింది. ఈత క్లబ్బువాళ్ళు మర్యాదగానే అడిగారు. పళ్ళ డాక్టరు మాత్రం, ఊళ్ళో గొడవలన్నీ నెత్తినేసుకునే ఆడవాళ్ళ చేతిలో సైటు పెట్టడం తనదే బుద్ధి తక్కువన్నాడు.

"తీసేద్దాం వదినా. గొడవ సద్దుమణిగాక మళ్ళీ పెట్టుకోవచ్చు" అంది మరదలు.

"ఒకసారి తీస్తే ఫోటో వాళ్ళదని మనమే ఒప్పుకున్నట్టు. ఇక మళ్ళీ పెట్టేదేమిటి?"

మరదలికి ఒళ్ళు మండింది. తిట్లు తినేది తనూ, నీతులు చెప్పేది ఈవిడానా అనిపించింది. ఆ మాటే పైకి అనేసింది కూడా. వదిన సైట్లన్నిటికీ తను విడిగా దాచిన కాపీలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుంటూ కూర్చుంది.

మధ్యాహ్నం షిఫ్టు దిగి కాజాల పిన్ని వచ్చింది. చేతుల మీద దారప్పోగులు ఇంకా అంటుకునే ఉన్నాయి. కుర్చీ చూపించినా కూర్చోలేదు. సంగతి తనకి తెలిసిందనీ, తన ఫోటో కోసం వీళ్ళ పొట్ట కొట్టడం తనకిష్టం లేదనీ, పేజీ తీసేయమనీ చెప్పింది.

పొద్దుట్నుంచీ మరదలు వినాలనుకున్నది సరిగ్గా ఆ మాటే. అయినా తీరా విన్నాక సరే అనబుద్ధి కాలేదు. తాళం ఇంకా ఉందా అని అడిగింది. ఉందనీ, ఫోటో పెట్టాక పక్కన ఇంకోటి కూడా తగిలించారనీ అంది పిన్ని. ఆ దారిన బట్టలు దొంగిలించుకుపోతారని యజమానుల అనుమానమట. పిన్ని మిషన్ మెట్లకి బాగా దూరంగా, గుడ్డ తానుల వెనక మూలన ఉంటుందట.

"మరి ఏదన్నా జరిగితే?"

"పరిగెత్తాలమ్మా. ఈ మోకాళ్ళు ఒప్పుకుంటే" అని పిన్ని నవ్వింది.

మరదలికి నవ్వు రాలేదు. "తీయం పిన్నీ. నువ్వు చెప్పినా సరే, తీయం" అంది.

వదిన తల తిప్పి ఆమెవైపు చూసింది. వెంటనే ఇంకో హోస్టింగ్ కంపెనీలో అకౌంటు తెరవడానికి కూర్చుంది.

ఆ వారమంతా సైట్లు మోసుకెళ్ళడంతోనే సరిపోయింది. మరదలు ఒక్కో కస్టమర్‌కీ తనే ఫోన్ చేసి, ఏం జరిగిందో, ఏం చేస్తున్నారో దాచకుండా చెప్పింది. కొందరు విసుక్కున్నారు, ఇద్దరు వెళ్ళిపోయారు. అందులో పళ్ళ డాక్టరొకడు. ఆయన సైటు పేరు, అంటే జనం టైపు చేసే అడ్రసు కూడా పాత కంపెనీ దగ్గరే కొన్నారు కాబట్టి దాన్ని త్వరగా తేలేకపోయారు. ఆ తప్పు తనదేనని వదిన ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. డ్రైవింగ్ స్కూలుకి కాపీ తీశాక వచ్చిన బుకింగులన్నీ పోయాయి. మాష్టారు నేర్చుకునేవాళ్ళకి ఒక్కొక్కరికీ ఫోన్ చేసుకుంటూ, ఎర్రలైటు పడితే ఆగాలని తను లోకానికంతా నేర్పుతున్నాడనీ, వీళ్ళిద్దరికే నేర్పలేకపోయాడనీ సణిగాడు. అయినా వీళ్ళని వదిలిపోలేదు.

కొత్తచోట అన్నిటికన్నా ముందు సంఘం సైటే పెట్టాలని మరదలు పట్టుబట్టింది. అంతటితో ఆగలేదు. తలుపు ఫోటోని పెద్దదిచేసి పేజీ నెత్తిన పెట్టింది.

అది పెట్టిన రెండో రోజు ఫ్యాక్టరీ మేనేజరు ఫోన్ చేశాడు. మెత్తగానే మాట్లాడాడు. ఈ కొత్త కంపెనీ నుంచి కూడా ఆ పేజీ తీయించడం తమకి పెద్ద పని కాదన్నాడు.

"పేజీ తీయించడానికి ఇంత కష్టపడుతున్నారు. ఆ తలుపేదో తీయిస్తే సరిపోయేది కదండీ" అంది మరదలు.

అవతల ఫోన్ కట్టయింది.

మేనేజరు అన్నట్టే లాయరు కొత్త కంపెనీకీ ఫిర్యాదు చేశాడు. కానీ వాళ్ళు సైట్లు ఆపకుండా ముందు వీళ్ళ జవాబడిగారు. పిన్ని ఫోన్లో ఉన్న అసలు ఫోటోని, తీసిన తేదీ, ఫోన్ వివరాలతో సహా పంపితే, ఇక ఫిర్యాదుని పట్టించుకోలేదు. ఆ పేజీ చేతులు మారి మారి చివరికి తనిఖీ అధికారుల కంటపడింది. వాళ్ళు వచ్చి వెళ్ళాక గొలుసు పోయింది. పిన్నిని కాజాల నుంచి ఇస్త్రీ సెక్షన్‌కి మార్చారు. అక్కడ వేడి ఎక్కువ. సంఘం దానిమీద ఇంకా కొట్లాడుతూనే ఉంది.

మేనేజరు మరోసారి ఫోన్ చేశాడు. తలుపు తీశాం, ఇక పేజీ తీయడమే మర్యాద అన్నాడు.

తలుపు తీశారని ఫోటో కింద రాశామనీ, పేజీ మాత్రం అక్కడే ఉంటుందనీ మరదలు చెప్పింది. "ఇప్పుడు పిన్నిని ఎందుకు మార్చారో చెప్పండి. అదీ రాస్తాం" అంటూ కుర్చీ దగ్గరకి లాక్కుని, కీబోర్డు ముందుకి జరుపుకుంది.