పొగ వస్తే పడే షట్టరు

"లారీ గేటు దగ్గర హారన్ మోగిస్తోంది. నీ సంతకం కోసం ఇంకా ఎంతసేపే?" అన్నాడు మావయ్య.

కంపెనీ ఆయనదే. షాపులకు ఆటోమేటిక్ షట్టర్లు తయారుచేస్తుంది. ఒక్కో విభాగం చేసిన భాగాలన్నీ కలిసి సరిగ్గా పనిచేస్తాయో లేదో చూడాల్సిన సిస్టమ్స్ ఇంజనీరు ఆయన మేనకోడలు.

"పొగ పసిగట్టే యంత్రం పాస్. షట్టరు పాస్. ఇంకేం కావాలి?"

"రెంటినీ కలిపి చూశారా మావయ్యా?"

షట్టరు విభాగం పెద్దను అందరూ గొళ్ళెం అంటారు. అతను బల్ల మీది బ్యాటరీ పెట్టె చూపించాడు. "షట్టరుకు కరెంటు పొగ యంత్రం నుంచే కదా, దాని బదులు దీన్ని తగిలించి చూశాం మేడమ్. ఫస్ట్ క్లాస్!"

"విన్నావుగా? నీ అనుమానం నేనే తీరుస్తా." మావయ్య రెండూ బిగించి ఉన్న నమూనా షాపులోకి వెళ్ళి అట్టముక్కకు నిప్పంటించాడు.

పొగ యంత్రం కీచుమంది. మంటల్లో ఎవరికీ షాక్ కొట్టకూడదని కరెంటు కోసేసింది. కరెంటు పోయిందంటే దొంగలొచ్చినట్టేనని షట్టరు ధనామని పడి బిగుసుకుంది.

ఆమె షట్టరు దగ్గరికి ఉరికింది. "లోపలి పిడి లాగండి మావయ్యా!"

"రావట్లేదే! ఇక్కడ అట్టపెట్టెలు అంటుకున్నాయ్!"

గొళ్ళెం షట్టరు పైకి లాగబోయి వదిలేశాడు. "కరెంటు లేకపోతే పిడి కూడా కదలదు మేడమ్. దొంగలు తియ్యకూడదని..."

పొగ పోతే గాని కరెంటు రాదు. షట్టరు లేస్తే గాని పొగ పోదు.

లోపలి నుంచి వినిపిస్తున్న దగ్గు ఆగిపోయింది.

ఆమె బ్యాటరీ పెట్టె లాక్కుంది. బయటున్న మోటారు నుంచి పొగ యంత్రం వైరు పీకేసి పెట్టె తగిలించింది. కరెంటు వచ్చిందనుకుని షట్టరు బుద్ధిగా పైకి లేచింది.

మావయ్యను కాళ్ళు పట్టి బయటికి ఈడ్చారు. కాసేపటికి ఆయన కళ్ళు తెరిచాడు.

"మా షట్టరు మాత్రం సరిగ్గానే పనిచేసింది సార్," గొణిగాడు గొళ్ళెం.

"లారీ..." అన్నాడు మావయ్య.

"కదలదు లెండి. నేను సంతకం పెట్టలేదుగా."

ఆయన తల దించుకున్నాడు. "నిన్ననే ఒక షట్టరు పంపేశానే. నీకు చెప్పకుండా."

"ఎక్కడికి?"

"పిల్లల బట్టల షాపు. ఇవాళే తెరిచారు. జనం కిటకిటలాడుతుంటారు."

"ఫోన్ చెయ్యండి! అందరినీ బయటికి పంపమనండి!"

ఆమె అప్పటికే కారు వైపు పరుగెత్తుతోంది. బ్యాటరీ పెట్టె చంకలోనే ఉంది.