బాపు సముద్రానికి గట్టు వేసిన రోజు

ఓడ ప్రయాణం చివరి రోజుకు వచ్చింది, నేను అనుకున్న పని మాత్రం మొదలైనా కాలేదు. పొద్దున్నే గోవా తీరంలో ఓడ ఆగింది. సాయంత్రం దాకా బీచ్‌లో గడిపి మళ్లీ ఎక్కితే, తెల్లారేసరికి బొంబాయి. అక్కడినుంచి విమానంలో ఇల్లు. అంటే నాకు మిగిలింది ఈ ఒక్క పూటే.

మా ఇల్లు తొండుపల్లిలో. విమానాలు మా డాబా మీద ఆరేసిన బట్టల్ని పట్టుకుపోతాయేమో అన్నంత కిందుగా వెళ్తాయి. నేను విమానాశ్రయంలో చెక్-ఇన్ కౌంటర్‌లో పనిచేస్తాను. దేశదేశాలవాళ్లని విమానం ఎక్కిస్తాను గానీ మా బాపు జంగయ్య, మా అమ్మ భారతమ్మ ఒక్కనాడూ ఆ గేటు దాటి లోపలికి రాలేదు. వచ్చే నెల నా పెళ్లి. ఈలోగా వాళ్లని విమానం ఎక్కిస్తా, ఓడ కూడా ఎక్కిస్తా అని పట్టుబట్టాను. అమ్మ వద్దు వద్దంటూనే డబ్బా నిండా సకినాలు చేసింది. అయితే వాళ్లకు ఒక సంగతి చెప్పలేదు. అదే ఓడకు మా స్వరాజ్యం అత్తకూ హరిప్రసాద్ మామకూ కూడా నేనే టికెట్లు తీశాను. అత్తకు కూడా మా వాళ్లు వస్తున్నారని చెప్పలేదు.

స్వరాజ్యం అత్త బాపుకు ఒక్కతే చెల్లెలు. నా చిన్నప్పుడు నాకు జడలు వేసింది, వాన పడితే నన్ను చంకనేసుకుని బడికి తీసుకెళ్లింది ఆమే. అమ్మ పొలం పనిలో ఉంటే నేను అత్త వెనకాలే తిరుగుతూ పెరిగాను. రెండేళ్ల కిందట అత్తావాళ్లు బడంగ్‌పేట్‌లో ఇల్లు కట్టుకున్నారు. గృహప్రవేశానికి చుట్టాలందరి ఇళ్లకూ వెళ్లి బొట్టు పెట్టి పిలిచింది. మాకు మాత్రం ఫోన్‌లో కార్డు పంపింది. మా అన్న ఇంటికి నేను బొట్టు పెట్టేదేంది, అది నా ఇల్లే కదా అనుకుందట. అమ్మ అలా అనుకోలేదు. ఊరందరికీ బొట్టు పెట్టి మనకు వాట్సాప్ పంపిందా అని గడప మీద కూర్చుండిపోయింది. తాను వెళ్లలేదు, బాపునూ నన్నూ వెళ్లనివ్వలేదు.

ఆడబిడ్డ కొత్తింట్లో పీట మీద కూర్చునేటప్పుడు పుట్టింటివాళ్లు తెచ్చిన చీరే కట్టుకోవాలి. మావైపు అది అందరూ చూసే విషయం. ఆ రోజు వచ్చినవాళ్లంతా మీ అన్న ఏడి, వదిన ఏది అని అడుగుతుంటే అత్త తాను కొనుక్కున్న చీరలోనే పూజకు కూర్చుందట. అప్పటినుంచి, నేను అత్తకు చేసే ఫోన్లు తప్ప, రెండిళ్లకూ మాటల్లేవు.

ఇప్పుడు నా పెళ్లికి పసుపు దంచాలి. రోట్లో మొదటి పోటు మేనత్తది. ఆమె నాకు బొట్టు పెట్టలేదు, నేనెందుకు పెట్టాలని అమ్మ. పిలవని పెళ్లికి ఎట్లా పోతానని అత్త. వరసకు అత్తలు ఇంకా ఉన్నారు కదా, ఎవరితోనో ఒకరితో దంచిద్దాం అని చుట్టాలు. నాకు ఎవరో ఒకరు వద్దు. స్వరాజ్యం అత్త లేకుండా పసుపు దంచితే ఆ పసుపు నేను ఒంటికి రాసుకోను. ఈ మాట ఇంట్లో అరిచి కూడా చెప్పాను, ఎవరూ పట్టించుకోలేదు. అందుకే ఓడ.

శంషాబాద్‌లో విమానం ఎక్కే రోజు, లోపలికి వెళ్లే గేటు దగ్గర రెండు జంటలూ ఎదురుపడ్డాయి. అమ్మ నా వైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను.

“గిదేంది సంతోషీ,” అంది నెమ్మదిగా.

“ఏం లేదు. టికెట్లు వాపసు కావు,” అన్నాను.

అది పనిచేసింది. టికెట్లు పాడైపోతాయంటే మా ఇంట్లో ఎంత కోపమైనా కాసేపు వెనక్కి తగ్గుతుంది. కానీ ఓడలో ఇద్దరూ నన్ను ముప్పుతిప్పలు పెట్టారు. అత్త భోజనాల హాల్లోకి వస్తుంటే అమ్మకు ఆకలి చచ్చిపోయేది. అమ్మ పై అంతస్తులో గాలికి కూర్చుంటే అత్తకు గాలి పడేది కాదు. అంత పెద్ద ఓడ కూడా వాళ్లిద్దరికీ ఇరుకైంది. ఒక్క హరిప్రసాద్ మామే హాయిగా ఉన్నాడు. కొబ్బరిచెట్ల బొమ్మలున్న చొక్కా వేసుకుని ఎవరు పిలిస్తే వాళ్ల పక్కన కూర్చుని తినేవాడు. “నాకు ఏ లొల్లి లేదు బిడ్డా. తిండి మంచిగున్నది, నిద్ర మంచిగున్నది,” అనేవాడు.

అలా చివరి రోజుకు చేరాం. బీచ్ చూడగానే నా మనసు సగం తేలికైంది. ఎండ ఇంకా మంట ఎక్కలేదు. ఇసుక మీద వరసగా గొడుగులు, వాటి కింద వాలు కుర్చీలు. అమ్మ ఒక చివర గొడుగు చూసుకుంది. అత్త చూసి చూసి రెండో చివర గొడుగు కిందికి పోయింది. నేను కొబ్బరిబోండాలు పట్టుకుని అటూ ఇటూ తిరిగాను.

“ఆమెకు బోండం ఇచ్చినవా?” అంది అమ్మ.

“ఇచ్చిన.”

“లేతది ఇచ్చినవా? ముదురుదయితే ఆమెకు కడుపుబ్బుతది.”

“గంత ఫికర్ ఉంటే నువ్వే పోయి ఇయ్యరాదు?”

అమ్మ కళ్లు మూసుకుని నిద్ర నటించింది. ఆ చివర అత్తేమో, “మీ అమ్మను ఎండల కూసోవద్దను, తల నొస్తది,” అని, నేను నవ్వేసరికి ముఖం సముద్రం వైపు తిప్పుకుంది. నాకు ఇద్దర్నీ ఎత్తుకెళ్లి ఒకే అలలో ముంచాలనిపించింది.

మామ అప్పటికే ఎవరో కుర్రాళ్ల బంతాటలో దూరిపోయాడు. బాపుకు మాత్రం వాలు కుర్చీ పడలేదు. వాలితే నడుం నొప్పి, లేస్తే చేతులకు పనిలేదు. పాల్మాకుల దగ్గర మాకింకా ఎకరం పొలం ఉంది. కొత్తిమీర, పాలకూర వేస్తాడు. రోజూ మడిమడికీ నీళ్లు తిప్పే మనిషి. అన్ని నీళ్లు ఎదురుగా ఉంటే ఊరికే కూర్చోలేక ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, తువాలు తలకు చుట్టి, అలలు వచ్చి పోయే చోటికి నడిచాడు.

కాసేపు నీళ్ల పోకడ చూశాడు. అల పైకి వచ్చి, అక్కడున్న చిన్న గుంతలో నిండి, ఒక పక్కనుంచి జారిపోతోంది. బాపు వంగి రెండు చేతులతో తడి ఇసుక తీసి ఆ పక్కన వేశాడు. మళ్లీ తీశాడు, వేశాడు, అరచేత్తో చరిచాడు. పదినిమిషాల్లో మా పొలంలో ఉన్నట్టే నున్నని గట్టు లేచింది. బీచ్‌కు వచ్చినవాళ్లు కోటలు కడతారు. మా బాపు మడి కట్టాడు. పక్కనుంచి పోయేవాళ్లు నవ్వుకున్నారు, ఫోటోలు తీసుకున్నారు. ఆయన తల ఎత్తలేదు.

అప్పుడు నేను అత్త గొడుగు దగ్గరున్నాను. అత్త కుర్చీలో ముందుకు జరిగింది. కళ్లు గట్టు మీదే ఉన్నాయి.

“కింద గట్టిగ తొక్కలే,” అంది, నాతో కాదు, తనలో తాను.

చిన్నప్పుడు పొలంలో నీళ్లు తిప్పేటప్పుడు బాపు చేతిలో పార, అత్త పని గండ్లు చూడటం. ఎక్కడ గట్టు తెగితే అక్కడ తన కాలు అడ్డం పెట్టి నిలబడేదట, బాపు మన్ను తెచ్చి వేసేదాకా. ఈ కథ బాపు నాకు ఎన్నిసార్లు చెప్పాడో. మాటలు ఆగిపోయాక కూడా చెప్పాడు, అమ్మ లేనప్పుడు.

ఒక పెద్ద అల వచ్చి గుంత నింపింది. గట్టు ఎడమ చివర సన్నగా కోసుకోవడం మొదలైంది. బాపు కుడిచివర పనిలో ఉన్నాడు.

“అన్నా, ఎడమకు గండి పడుతున్నది,” అంది అత్త. రెండేళ్ల తర్వాత ఆమె ఆయనతో అన్న మొదటి మాట అదే.

బాపు చేతులు ఆగాయి. ఇటు తిరగలేదు. “పడనీ,” అన్నాడు.

“పడనీ అంటవేంది. కొట్టుకపోతది మొత్తం,” అంటూ అత్త లేచింది. చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుంది. చెప్పులు ఎక్కడివక్కడే వదిలేసి ఇసుకలో పరుగెత్తింది. వెళ్లి గండిలో కాలు అడ్డం పెట్టి నిలబడింది. “మన్ను తే జల్ది.”

బాపు తెచ్చాడు. తువాలు విప్పి అందులో ఇసుక మోశాడు. అత్త కాలి చుట్టూ వేసి, ఆమె కాలు లాగగానే రెండు చేతులతో నొక్కాడు. ఇంకో చోట తెగింది. అత్త అటు దూకింది. ఇద్దరూ మాట్లాడుకోలేదు, ఇటు, అటు, ఇంకింత, అంతే. సముద్రానికి గట్టు ఆగుతుందా? ఆగదు. ఆ సంగతి వాళ్లకూ తెలుసు. తెలిసీ కొట్లాడారు. చివరికి నడుమెత్తు అల ఒకటి వచ్చి గట్టునూ, వాళ్లిద్దర్నీ కలిపి పడేసింది. నీళ్లు వెనక్కి పోయాక చూస్తే ఇద్దరూ చతికిలబడి ఉన్నారు, అత్త కొప్పు ఊడిపోయి ఉంది, బాపు నవ్వుతున్నాడు. బాపు అలా కడుపు పట్టుకుని నవ్వడం నేను చూసి ఎన్నాళ్లైందో. నాకు ఏడుపొచ్చింది.

వెనక్కి తిరిగితే అమ్మ నా పక్కన నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. చేతిలో పసుపు కుంకుమల భరిణె ఉంది. గంగమ్మకు పసుపు కుంకుమ ఇవ్వాలని ఇంటినుంచి తెచ్చుకుంది గానీ, నీళ్ల దగ్గరికి అత్త వస్తుందేమోనని పొద్దున్నుంచి కుర్చీ దిగలేదు.

“ముసలోళ్లయిన్రు గని బుద్ధి రాలే ఇద్దరికి,” అంది. నడిచి నీళ్లలోకి వెళ్లింది. ముందు సముద్రానికి చిటికెడు పసుపు, చిటికెడు కుంకుమ వేసి దండం పెట్టింది. తర్వాత కుంకుమ వేలికి అద్దుకుని అత్త వైపు తిరిగింది. “లే, ముఖం తుడుచుకో. పిల్ల పెండ్లికి పిలుస్తున్న.”

అత్త లేచింది, పైట చెంగుతో నుదురు తుడుచుకుంది. అమ్మ చెయ్యి నుదుటి దగ్గరికి వచ్చాక, ఆ చెయ్యి పట్టుకుని ఆపేసింది.

“ఈడ వద్దు వదినా.”

అయిపోయింది అనుకున్నాను. అమ్మ ముఖం మాడిపోయింది.

“ఎందుకు వద్దు?” అంది.

“ఇంటికొచ్చి పెట్టు. మా ఇంటికి. ఇల్లు కట్టి రెండేండ్లాయె, మా అన్న గడప తొక్కలే. నువ్వు మా వంటర్ర చూడలే. బొట్టు ఈడనే పెడితే మీరు ఇగ మా ఇంటికి రారు.” అత్త ఏడుస్తోంది, దాచుకోవడం లేదు. “నాకు పెండ్లి పిలుపు కాదు వదినా, మీరు రావాలె.”

“నువ్వు పిలువంది ఎట్లొస్తం?” అంది అమ్మ. పాత మాటే, గొంతులో మాత్రం పాత కోపం లేదు.

అత్త అమ్మ చేతిలోంచి భరిణె తీసుకుంది. తడి వేలితో కుంకుమ తీసి అమ్మ నుదుటిన పెట్టింది. “రేపు మా ఇంటికి రాండ్రి వదినా,” అంది. తర్వాత బాపు వైపు తిరిగింది. బాపు చిన్నపిల్లాడిలా తల వంచాడు. “రేపు మా ఇంటికి రా అన్నా.”

“పిలువొచ్చినదాన్ని నేను, బొట్టు పెట్టిచ్చుకున్నది గూడ నేనే. అంత ఉల్టా అయింది,” అని అమ్మ గొణిగింది. కానీ ఆ బొట్టు చెరిగిపోకుండా అలలకు దూరంగా జరిగి నిలబడింది. మధ్యాహ్నమంతా అందరం ఒకే గొడుగు కింద కూర్చుని సకినాలు తిన్నాం. మామ బంతాట నుంచి వచ్చి, ఏం జరిగిందని కూడా అడక్కుండా డబ్బా ఖాళీ చేశాడు.

మర్నాడు శంషాబాద్‌లో దిగాక ఇంటికి వెళ్లలేదు. ఎయిర్‌పోర్టు నుంచి పెద్ద కారు కిరాయికి మాట్లాడుకుని నేరుగా బడంగ్‌పేట్ బయల్దేరాం. ముందు సీట్లో దారి చెప్పడానికి కూర్చున్న మామ తుక్కుగూడ రాకముందే నిద్రపోయాడు. కాలనీలోకి వచ్చాక మూడు గల్లీలు ఎదురయ్యాయి. అన్నీ ఒకే తీరు ఇళ్లు.

“ఎటు సార్?” అన్నాడు డ్రైవర్.

అత్త నోరు తెరిచేలోపు బాపు అన్నాడు. “నడిమి గల్లి. ఎడమ దిక్కు నాలుగో ఇల్లు.”

కారు తిరిగింది. అత్త బాపు వైపు చూసింది. “నీకెట్ల తెలుసు అన్నా?”

బాపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. “ఎర్ర షామియానా ఏసిన్రు గద,” అన్నాడు.

షామియానా వేసింది గృహప్రవేశం నాడు, ఆ ఒక్కరోజే. ఆ రోజు బాపు కొత్తిమీర కట్టలు వేసుకుని మార్కెట్‌కు పోయాడని అమ్మా నేనూ ఇప్పటిదాకా అనుకుంటున్నాం.

“వచ్చినవా?” అత్త పూర్తిగా బాపు వైపు తిరిగింది. “వచ్చి లోపటికి రాకుండ పోయినవా?”

“గల్లి మొదట్ల నిలబడ్డ. నువ్వు పీట మీద కూసున్నది కనవడ్డది,” అన్నాడు బాపు. “చేతిల చీర లేకుండె చెల్లె. ఉత్త చేతులతోని ఎట్ల రావాలె.”

కారు ఆగింది. మామ లేచి, వచ్చేసినమా అన్నాడు. ఎవరూ దిగలేదు. కాసేపటికి అమ్మ తలుపు తీసింది.

“ఆయనను ఆపింది నేను స్వరాజ్యం,” అంది. “దిగు. ఇల్లు చూపియ్యి.”