రెండుసార్లు తడిసిన నార

గోగునారకు నూనెనీళ్లు ఒక్కసారే చల్లాలి. అసలు చల్లకపోతే పెళుసెక్కి దుమ్మవుతుంది. రెండుసార్లు చల్లితే ముద్దకట్టి రోలరుకు చుట్టుకుంటుంది. ఈ సంగతి సోమక్కకూ తెలుసు, ప్రేమలతకూ తెలుసు. కానీ చల్లావా అని అడగాలంటే ఒకరితో ఒకరు మాట్లాడాలి కదా.

ప్రేమలత సోమక్క కొడుకు శేఖర్‌ను విడిచి పుట్టింటికి పోయి ఏడాది దాటింది. ములుగు రోడ్డు మీది ఈ షెడ్డులో ఆమెను పనికి పెట్టించింది సోమక్కే, కోడలుగా ఉన్న రోజుల్లో. ఇప్పుడు కుప్పకు అటొకరు, ఇటొకరు. ఒకరు గోగునార పొర పరిస్తే, దాని మీద మరొకరు ప్లాస్టిక్ పీచు పరుస్తారు. ఆ రెండూ యంత్రంలో కలిసి, నేతతో పనిలేకుండా, సూదిపోట్లతోనే మందపాటి గుడ్డవుతాయి. కారు తలుపుల లోపల వేసేది ఆ గుడ్డే.

ఇంకొక్కసారి సరుకు పాడైతే ఇద్దరిలో ఒకరిని తీసేస్తానని సూపర్‌వైజర్ విన్సెంట్ చెప్పాడు. పోయేది ఆ పిల్లే కావాలని సోమక్క ఎల్లమ్మకు మొక్కుకుంది.

"కొందరికి సంసారమే చాతగాలే, నారేం చాతనైతది," అంది సోమక్క కుప్పతో.

"చేసినోళ్లకే ఎరుక, ఆ ఇంట్ల పానం ఎంత ఎండిందో," అంది ప్రేమలత నీళ్ల డబ్బాతో. డబ్బా కింద పెట్టి పీచు మూట తేవడానికి పోయింది.

సోమక్క నారలో చెయ్యి పెట్టింది. అప్పటికే తడిసి చల్లగా తగిలింది. అటూ ఇటూ చూసి, డబ్బా ఎత్తి మళ్లీ చల్లింది.

కాసేపటికే రోలరు మూలిగి ఆగిపోయింది. విన్సెంట్ చేతికి తడిముద్ద వచ్చింది.

"రెండోపారి సల్లిందెవలు?"

"నేను ముట్టనే లేదు సార్," అంది సోమక్క.

ప్రేమలత ఆమె చేతుల వైపు చూసింది. మోచేతుల దాకా నూనె మెరుస్తోంది.

"నేనే సార్. రెండుపార్లూ నేనే," అని టిఫిన్ డబ్బా తీసుకుంది. పోతూ పోతూ సోమక్క దగ్గర ఆగింది. "నీ కొడుకును ఇడ్శిన నాడు గూడ పంచాయితీల తప్పు నాదే అన్న. మీ కాడ నుంచి జల్ది బయటపడాల్నంటే గదొక్కటే తొవ్వ, అత్తా."

అత్తా అన్న మాట విని ఏడాదైంది. సోమక్క నూనె చేతులు కొంగుకు తుడుచుకునేలోపే ఆ పిల్ల గేటు దాటింది.

మరునాడు కుప్పకు అవతల మల్లక్క నిలబడింది. కొత్త మనిషి.

"అక్కా, నీళ్లు సల్లినవా?" అని మామూలుగా అడిగింది.

"అడుగుడేందే?" సోమక్క గయ్యిమంది. "చెయ్యి పెడితే తెల్వదా?"